నైరుతి మూల కుంగిన ఇల్లు: ప్లానోలో ఒక ఇన్‌స్పెక్షన్ కేసు

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనే మనవాళ్ళలో చాలామందికి ఇన్‌స్పెక్షన్, అంటే ఇంటి లోపాలు చూసే తనిఖీ, కాంట్రాక్ట్ తర్వాత జరిగే ఒక తతంగం. రిపోర్ట్ వస్తుంది. ఏజెంట్ అందులోంచి నాలుగు రిపేర్లు ఏరి అమ్మేవాళ్ళకు పంపుతాడు. ధర కొంత తగ్గుతుంది, క్లోజింగ్, అంటే ఇల్లు చేతులు మారడం, అయిపోతుంది. చాలా ఇళ్ళకు నిజంగా అంతకు మించి జరగదు. ఫౌండేషన్ కదిలిన ఇల్లు తగిలినప్పుడే చిక్కు మొదలవుతుంది. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఇద్దరి ఏజెంట్లు, అందరూ ఇన్‌స్పెక్టర్ నోటి వైపే చూస్తుంటారు. ఎవరికి కావలసిన మాట వాళ్ళకు వేరు.

ఈ మధ్య టెక్సస్‌లో మన తెలుగు కుర్రాళ్ళు ఇన్‌స్పెక్టర్ లైసెన్స్ తీసుకుంటున్నారు. నేనూ ఇన్‌స్పెక్టర్‌నే కాబట్టి నాకు ఫోన్ చేసి పగుళ్ళ గురించి, కరెంటు ప్యానెళ్ళ గురించి అడుగుతారు. హాల్లో నిలబడ్డ మనుషులతో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో మాత్రం ఎవరూ అడగరు. అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఇల్లు, మనుషులు, గడువు

1999లో కట్టిన రెండంతస్తుల ఇటుక ఇల్లు, పోస్ట్-టెన్షన్ స్లాబ్ (లోపల ఉక్కు తీగలను లాగి బిగించిన కాంక్రీటు పలక) మీద. పశ్చిమ ముఖం. కొనేవాళ్ళు ఐటీలో పనిచేసే దంపతులు, వాళ్ళకో పాప. అబ్బాయి నాన్నగారు నల్గొండ వైపు నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు, అప్పుడు విజిటర్ వీసా మీద కొడుకు దగ్గర ఉన్నారు. అమ్మేవాళ్ళూ తెలుగువాళ్ళే. పదేళ్ళు పైగా ఆ ఇంట్లో ఉండి, దగ్గర్లోని ప్రాస్పర్ అనే ఊళ్ళో కొత్త ఇల్లు బుక్ చేసుకున్నారు. ఇది అమ్ముడైతేనే అది చేతికొస్తుంది. కొనేవాళ్ళ ఏజెంట్ నాకు బాగా తెలిసిన కుర్రాడు. నన్ను సిఫారసు చేసింది అతనే. అమ్మేవాళ్ళ ఏజెంట్ ఇక్కడి అమెరికన్ ఆవిడ.

ఆప్షన్ పీరియడ్ 7 రోజులు. టెక్సస్ బయట ఉండేవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఇక్కడ కొనేవాళ్ళు కొంత ఆప్షన్ ఫీజు కట్టి, ఆ గడువులోపల ఏ కారణమూ చెప్పకుండా కాంట్రాక్ట్ రద్దు చేసుకునే హక్కు తీసుకుంటారు. గడువు చివరి రోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది, అర్ధరాత్రి దాకా ఉండదు. ఈ కేసులో ఇన్‌స్పెక్షన్ గురువారం పడింది, గడువు సోమవారం 5 గంటలకు. మధ్యలో శని, ఆదివారాలు. ఆగస్టు నెల.

ఇంటివాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు

మామూలుగా ఇన్‌స్పెక్షన్ వేళకు అమ్మేవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఎటైనా వెళ్తారు. ఈయన ఇంటి నుంచే పనిచేస్తున్నారు కాబట్టి ఉండిపోయారు. తలుపు తీయగానే ఆయన భార్య "టీ పెడతానండీ" అన్నారు. మన ఇళ్ళల్లో అది సహజం, కాదంటే బాగుండదు. నేను మంచినీళ్ళు తీసుకుంటాను, టీ మాత్రం తర్వాత అంటాను. ఒకసారి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే మాటలు ఊరు, చదువు, పిల్లల కాలేజీల దాకా వెళ్తాయి. గంట తర్వాత కొనేవాళ్ళు వచ్చేసరికి మనం ఆ ఇంటి చుట్టంలా కనబడతాం.

పని మొదలుపెట్టకముందే ఆయనతో ఒక మాట చెప్పాను: "నాలుగు గంటలు పడుతుందండీ. నేను చూసింది ముందు కొనేవాళ్ళకే చెప్పాలి, వాళ్ళు సరేనంటేనే వేరేవాళ్ళకు. మీరు అడిగి, నేను చెప్పకపోతే వేరేగా అనుకోవద్దు." టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్, మేం ట్రెక్ అనేది, పెట్టిన నియమం ఇదే. ఫలితాలు క్లయింట్‌వి, వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. దీన్ని మొదట్లో చెబితే మర్యాదగా ఉంటుంది. ఆయన అడిగిన తర్వాత చెబితే దాస్తున్నట్టు ఉంటుంది.

ఆయన సరేనన్నారు. అయినా మీటింగ్‌కూ మీటింగ్‌కూ మధ్య నా వెనకే వచ్చారు. ప్యానెల్ మూత తీసి నేను ఫోటోలు తీస్తుంటే, "మేం కొన్నప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్ ఇవేం రాయలేదు సార్" అన్నారు. బెడ్‌రూముల సర్క్యూట్లకు ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు (వైర్లలో నిప్పురవ్వలు లేస్తే కరెంటు ఆపేవి) లేవు. 1999లో కట్టిన ఇంటికి ఉండవు, ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం అవి బెడ్‌రూములకు తప్పనిసరి అయ్యింది 2002 నుంచి. కానీ ట్రెక్ రిపోర్ట్ ఫారంలో మాకు వేరే దారి లేదు. ఆర్క్ ఫాల్ట్ లేకపోవడం, జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేది) లేకపోవడం, పొగ అలారం లేకపోవడం లాంటివి కట్టినప్పటి కోడ్‌తో సంబంధం లేకుండా లోపం కిందే రాయాలి. అది ఆ ఫారం ముందు పేజీల్లోనే అచ్చయి ఉంటుంది. ఆ పేజీ ఖాళీ ప్రతి నా క్లిప్‌బోర్డులో ఎప్పుడూ ఉంటుంది, ఆయన చేతికిచ్చాను. చదివి, "అంటే నా ఇంటిని తప్పు పట్టడం కాదన్నమాట" అన్నారు. ఆ రోజు మా ఇద్దరి మధ్య కొంచెం మంచి మాట నడిచింది అక్కడే.

అది ఎక్కువసేపు నిలవలేదు. అటిక్‌లో వాటర్ హీటర్ దగ్గర గ్యాస్ డిటెక్టర్ కూత పెట్టింది. కనెక్టర్ బిగింపు దగ్గర సబ్బు నీళ్ళు రాస్తే సన్నగా బుడగలు. ఇలాంటప్పుడు క్లయింట్ అనుమతి కోసం ఆగను. ఆ ఇంట్లో ఆ రాత్రి పడుకునేది అమ్మేవాళ్ళు. వెంటనే కిందికి వచ్చి ఆయనకు చెప్పాను, వాల్వ్ ఎక్కడుందో చూపించి మూయించాను, గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయమన్నాను, కొనేవాళ్ళకు మెసేజ్ పెట్టాను. కంపెనీ మనిషి వచ్చి, లైసెన్స్ ఉన్న ప్లంబర్ రిపేర్ చేసి ప్రెజర్ టెస్ట్ అయ్యేదాకా మీటర్‌కు తాళం వేశాడు. వంట లేదు, వేడినీళ్ళు లేవు. ఇంటావిడ ముఖం మాడిపోయింది. కొనేవాళ్ళ ఏజెంట్ ఫోన్‌లో, "అన్నా, రిపోర్ట్‌లో రాస్తే సరిపోయేది కదా, ఇప్పుడే చెప్పాలా" అన్నాడు. చెప్పాలి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

నైరుతి మూల

మాస్టర్ బెడ్‌రూమ్ కింది అంతస్తులో, నైరుతిలో ఉంది. తలుపు మరీ సాఫీగా పడుతోంది, చిత్రిక పట్టారేమో అనిపించింది. అందుకే నిచ్చెన వేసుకుని తలుపు పై అంచు మీద చేయి పెట్టి చూశాను. మిగతా మూడు అంచులకు పెయింట్ ఉంది, పై అంచు పచ్చి చెక్క. గడియ వైపు వాలుగా చిత్రిక పట్టారు. గొళ్ళెం పలక రంధ్రాన్ని కిందికి సాగదీసి రాచారు. తలుపు చట్రం పై మూల నుంచి ఏటవాలుగా ఒక చోట షీట్‌రాక్ (గోడకు బిగించే జిప్సమ్ పలక) గరుకు మిగతా గోడతో కలవలేదు, టార్చి గోడకు ఆనించి పక్కకు వేస్తే పూత కింద టేపు గీత తేలింది. గది మొత్తానికి ఈ మధ్యే పెయింట్ వేశారు.

బయట అదే మూలలో ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగిన పగులు, దాన్ని తెల్లటి కొత్త మోర్టారుతో నింపారు, మళ్ళీ ఆ మోర్టారు పక్కనే వెంట్రుకవాసి చీలిక. అంటే నింపిన తర్వాత కూడా కదిలింది. గోడకు బాగా దగ్గరలో పెద్ద లైవ్ ఓక్ చెట్టు. పైకప్పు నీళ్ళు దింపే గొట్టం సరిగ్గా ఆ మూల పునాది పక్కనే వదులుతోంది. ఆగస్టు ఎండకు మట్టి స్లాబ్ నుంచి విడిపోయి నాలుగు వేళ్ళు దూరేంత సందు.

ఈ నేల గురించి తెలుగువాళ్ళకు విడిగా చెప్పక్కర్లేదు. డాలస్ నుంచి వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే బ్లాక్‌లాండ్ ప్రెయిరీ మన నల్లరేగడి జాతే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది. ఇక్కడ ఇళ్ళు ఎక్కువగా ఆ నేల మీదే స్లాబ్ వేసి కడతారు. నైరుతి మూలకు మధ్యాహ్నపు ఎండ ఎక్కువ, చెట్టు వేర్లు నీళ్ళు లాగేస్తాయి, వాన పడితే గొట్టం అక్కడే కుమ్మరిస్తుంది. ఒకే చోట తడి, పొడి మార్పు ఇంత ఉంటే స్లాబ్ ఆ మూల నిలకడగా ఉండదు.

జిప్‌లెవెల్ అనే మట్టం కొలిచే పరికరంతో ఇల్లంతా కొలిచాను. కార్పెట్, టైల్ మందం తేడా తీసేస్తే, ఇంటి మధ్య కంటే నైరుతి మూల 1.7 అంగుళాలు కింద. ఈ అంకె ఒక్కటే దేన్నీ రుజువు చేయదు. ఏ స్లాబూ పోసిన రోజే అద్దంలా సమంగా ఉండదు, అప్పటి కొలతలు మన దగ్గర లేవు. చిత్రిక పట్టిన తలుపు, మళ్ళీ చీలిన మోర్టారు, మట్టి సందు, ఈ అంకె, అన్నీ ఒకే మూలను చూపించాయి. దాన్ని బట్టే నా అభిప్రాయం కుదిరింది.

ఏసీలోకి వెళ్ళే గాలికీ వచ్చే గాలికీ తేడా 12 డిగ్రీల ఫారెన్‌హీట్ మాత్రమే వచ్చింది, 15 నుంచి 20 మధ్య ఉండాలి. ఇంకా చిన్నవి కొన్ని ఉన్నాయి, వాటి జోలికి పోను.

డ్రైవ్‌వేలో ఏజెంట్

కొనేవాళ్ళు రాకముందే ఏజెంట్ వచ్చాడు. డ్రైవ్‌వేలో నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఫౌండేషన్ ఎలా ఉంది?" అన్నాడు. అతను నా క్లయింట్ తరఫు మనిషే. అయినా క్లయింట్ కంటే ముందు ఏజెంట్‌కు ఫౌండేషన్ సంగతి చెప్పను. ముందు చెబితే, నేను నోరు తెరిచేలోపు ఆ విషయం వాళ్ళకు ఒక రంగు పూసుకుని చేరుతుంది. "వాళ్ళు రానీ, అందరికీ కలిపి చెబుతా" అన్నాను.

అతనికి అర్థమైపోయింది. "ఒక్కటి అడుగుతా అన్నా. నైరుతి అని మాత్రం అనకు. బెడ్‌రూమ్ మూల అను. నైరుతి కుంగిందని వాళ్ళ నాన్నగారి చెవిన పడితే నువ్వూ నేనూ ఏం చెప్పినా వినరు."

అతని భయం ఉత్తిది కాదు. మన కుటుంబాల్లో నైరుతి పల్లంగా ఉందంటే ఇంజనీర్ అవసరం కూడా లేదు, ఆ ఇల్లు అక్కడితో అయిపోయినట్టే. అతను కొన్ని నెలలుగా ఈ దంపతులకు ఇళ్ళు చూపిస్తున్నాడు, వారాంతాలన్నీ దానికే పోయాయి, డీల్ ముగిస్తే తప్ప ఒక్క డాలర్ రాదు. ఏజెంట్లను విలన్లుగా చూసే ఇన్‌స్పెక్టర్లతో నాకు పొత్తు కుదరదు. కానీ రిపోర్ట్‌లో దిక్కు రాస్తేనే రేపు వచ్చే ఇంజనీర్ ఏ మూల చూడాలో తెలుస్తుంది. ప్రతి రిపోర్ట్‌లోనూ దిక్కులే రాస్తాను, ఇందులో మాత్రం మార్చితే అది దాచడమే. అతనికి ఇలాగే చెప్పాను: "దిక్కు రాస్తా. వాస్తు మాట మాత్రం నా నోట రాదు, వాళ్ళు అడిగినా రాదు. నా లైసెన్స్‌లో అది లేదు."

"కొంచెం మెత్తగా రాయన్నా" అన్నాడు ఆఖరికి. ఈ మాట ప్రతి కొత్త ఇన్‌స్పెక్టరూ వింటాడు. దానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే. భయపెట్టే మాట ఒక్కటి ఉన్నా చూపించు, తీసేస్తా. చూసింది మాత్రం ఒక్కటీ తీయను.

నలుగురితో నడక

కొనేవాళ్ళు వచ్చాక ముందు అమ్మేవాళ్ళను అడిగి, వాళ్ళు పై గదిలోకి వెళ్ళాకే మాట్లాడటం మొదలుపెట్టాను. ఇంటివాళ్ళు వినేచోట వాళ్ళ ఇంటి లోపాలు మాట్లాడటం వాళ్ళకూ అవమానం, కొనేవాళ్ళూ నోరు విప్పి అడగలేరు.

వరుస ముఖ్యం. నేను చిన్నవాటితో మొదలుపెట్టి పెద్దదాన్ని చివర్లో పేల్చను. అలా చేస్తే ముందు చెప్పింది ఏదీ గుర్తుండదు. మొదటే చెప్పాను: "ఈ ఇంట్లో ఒక పెద్ద విషయం ఉంది, ఒకటి గ్యాస్, అది ఇవాళే చూసుకున్నారు. మిగతావి ఈ వయసు ఇంటికి మామూలే. పెద్ద విషయం ఫౌండేషన్. రండి, నేను చెప్పేకంటే చూస్తే మేలు."

తలుపు పై అంచు మీద అబ్బాయి చేతనే చేయి పెట్టించాను. టార్చి పక్కకు వేసి టేపు గీత చూపించాను. బయటికి వెళ్ళి మట్టి సందు చూపించగానే వాళ్ళ నాన్నగారు వంగి, ఒక పెళ్ళ తీసి వేళ్ళతో నలిపి, "ఇది రేగడే కదా బాబూ. మా కాలువ కట్టల దగ్గర దీంతోనే పెట్టుకున్నాం జీవితమంతా" అన్నారు. ఆయనకు సమస్య నాకంటే బాగా తెలుసు. ఆ తర్వాత అందరూ ఊహించిన ప్రశ్న అడిగారు: "నైరుతి కదా ఇది?"

"అవునండీ, నైరుతే."

"మరి కొనొచ్చంటావా?"

ఈ ప్రశ్నకు ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పకూడదు. కొనమంటే రేపు పునాది కింద దింపే ఆసరా స్తంభాల, అంటే పైర్ల, ఖర్చుకు నేను పూచీ. వద్దంటే వాళ్ళ డబ్బు, వాళ్ళ పిల్ల బడి, వాళ్ళ ఆఫీస్ దూరం ఏవీ తెలియకుండా వాళ్ళ తరఫున తీర్పు చెప్పినట్టు. అలాగని చేతులు దులుపుకుంటే పెద్దాయనను తీసిపారేసినట్టు ఉంటుంది. "అది మీ ఇంటి నిర్ణయమండీ. నిర్ణయానికి ముందు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి: ఇది ఇంకా కదులుతోందా, బాగుచేయాలంటే ఏం చేయాలి, ఎంతవుతుంది. నేను ఇంజనీర్‌ను కాను, ఈ మూడింటికీ ఇంజనీర్ కావాలి. సోమవారం ఐదులోపల రావాలి, లేదా గడువు పెంచమని అడగాలి." ఈ మాటలన్నప్పుడు ఏజెంట్ పక్కనే ఉన్నాడు. గడువు పెంచే అమెండ్‌మెంట్ గురించి మిగతాది అతనే చక్కగా వివరించాడు. తన పని తనకు వదిలేస్తే బాగా చేసే మనిషి.

రాసింది, రాయనిది

ట్రెక్ ఫారంలో ఫౌండేషన్ దగ్గర ఇన్‌స్పెక్టర్ తన అభిప్రాయం రాయాల్సిందే, ఫోటోలు పెట్టి తప్పించుకోవడం కుదరదు. ఇంగ్లిష్‌లో రాసినదాని సారం ఇది: నైరుతి భాగంలో స్లాబ్ కదిలిన ఆనవాళ్ళు ఉన్నాయి, అవి ఫలానా ఫలానా. గతంలో సరిచేసిన చోట మళ్ళీ కదిలిన గుర్తు ఉంది. పరిశీలించిన రోజున ఫౌండేషన్ పనితీరు సరిగా లేదని నా అభిప్రాయం. లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో ఆప్షన్ గడువు ముగిసేలోపల చూపించుకోవాలి. పక్కనే కొలతల బొమ్మ, ఏ బిందువు నుంచి కొలిచానో గుర్తుతో సహా.

"అమ్మేవాళ్ళు దాచారు" అని రాయలేదు. తలుపు చిత్రిక పట్టి ఉంది, అంతే. ఎవరు పట్టారో, ఎందుకు పట్టారో నాకు తెలియదు. ఇంటి సంగతులు అమ్మేవాళ్ళు రాసిచ్చే సెల్లర్ డిస్‌క్లోజర్‌లో ఫౌండేషన్ రిపేరుకు "లేదు" అని ఉందని కొనేవాళ్ళు చెప్పారు. దాని మీద కూడా నేను వ్యాఖ్య చేయలేదు. ఇటుకల్లో మోర్టారు నింపించడం చాలామంది యజమానుల దృష్టిలో పెయింట్ లాంటిదే, ఫౌండేషన్ రిపేర్ అనుకోరు. నిజంగా దాచిపెట్టినవాళ్ళూ ఉంటారు. తేల్చాల్సింది నేను కాదు.

రాత్రికి అమ్మేవాళ్ళాయన ఫోన్ చేశారు. "సార్, మీరూ తెలుగువాళ్ళే, ఏం కనబడిందో చెప్పండి, ముందే బాగుచేయించుకుంటా." ఉదయం అన్న మాటే మళ్ళీ అన్నాను, మీ ఏజెంట్ ద్వారా కొనేవాళ్ళను అడగమన్నాను. మర్నాడు వాళ్ళ ఏజెంట్ నుంచి నాకొచ్చిన మెసేజ్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంది: దయచేసి రిపోర్ట్ మాకు పంపవద్దు. కారణం ఉంది. టెక్సస్‌లో అమ్మేవాళ్ళు వాడే డిస్‌క్లోజర్ ఫారంలో గత 4 ఏళ్ళలో అందిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల ప్రస్తావన కూడా ఉంటుంది. ఈ డీల్ తప్పితే, ఒకసారి చేతిలో పడ్డ రిపోర్టును రేపు వచ్చేవాళ్ళకు చెప్పాలి. ఇంటాయనకు తెలుసుకోవాలని ఉంది, ఆయన ఏజెంట్‌కు తెలియకూడదని ఉంది. ఇద్దరికీ నేను పంపింది ఒకే వాక్యం: రిపోర్ట్ నా క్లయింట్‌ది, వాళ్ళు నిర్ణయిస్తారు.

ఆ తర్వాత

ఇంజనీర్ శనివారమే వచ్చాడు. దక్షిణ, పశ్చిమ గోడల వెంట కలిపి 9 పైర్లు, గొట్టం నీళ్ళు దూరంగా మళ్ళించడం, చెట్టు వైపు వేర్లకు అడ్డుగోడ, నేల వాలు సరిచేయడం సూచించాడు. ఈలోగా అమ్మేవాళ్ళు ఒక ఫౌండేషన్ కంపెనీని పిలిస్తే, ఉచిత ఎస్టిమేట్‌లో 23 పైర్లు రాసిచ్చారు. ఇక్కడ కొత్త తలనొప్పి. కొనేవాళ్ళ ఏజెంట్ 23 పట్టుకున్నాడు, అటు అమ్మేవాళ్ళ ఏజెంట్ ఆవిడ 9 పట్టుకున్నారు, ఇద్దరూ ఏది సరైందో చెప్పమని నాకే ఫోన్ చేశారు. పైర్ల లెక్క నాది కాదన్నాను. కొనేవాళ్ళకు మాత్రం ఒక తేడా చెప్పాను: ఒకరు పైర్లు అమ్మేవాళ్ళు, ఇంకొకరు ఏమీ అమ్మకుండా తన ముద్ర వేసి సంతకం పెట్టేవాళ్ళు.

గడువు పెంచారు, ఇంకొంత ఆప్షన్ ఫీజు కట్టి. ఇంజనీర్ లెక్క ప్రకారం అమ్మేవాళ్ళ ఖర్చుతో పైర్లు వేయడానికి, వారంటీ కొనేవాళ్ళ పేరుకు మారేలా, పని పూర్తయ్యాక ఇంజనీర్ లెటర్ ఇచ్చేలా ఒప్పుకున్నారు. నేను గట్టిగా పట్టుబట్టి చెప్పింది ఒక్కటి: పైర్ల మీద స్లాబ్ లేపకముందు ఒకసారి, లేపాక ఒకసారి డ్రైన్ లైన్లకు హైడ్రోస్టాటిక్ టెస్ట్ చేయించుకోండి. బయట క్లీనౌట్ (మురుగు పైపు శుభ్రం చేసే మూత) దగ్గర పైపును మూసి, పైపుల్లో స్లాబ్ మట్టం దాకా నీళ్ళు నింపి, మట్టం దిగుతుందేమో చూస్తారు. ముందు టెస్ట్‌లో నీళ్ళు నిలిచాయి. లేపాక దిగాయి. మాస్టర్ బాత్‌రూమ్ కింద ఒక జాయింట్ పోయింది. ముందు టెస్ట్ కాగితం చేతిలో ఉండబట్టి, ఈ లీకు పాతదా కొత్తదా అన్న గొడవ రాలేదు. పైర్ల కంపెనీ ఒప్పందంలో ప్లంబింగ్ తమది కాదని ముందే రాసి ఉంది, ఖర్చు అమ్మేవాళ్ళ మీదే పడింది. కొనేవాళ్ళు ఏసీ కోసం అడిగిన తగ్గింపు వదులుకున్నారు. క్లోజింగ్ వెనక్కి జరిగింది, దానితో ప్రాస్పర్ ఇంటి తేదీ కూడా. అమ్మేవాళ్ళాయన నన్ను క్షమించలేదనే అనుకుంటాను. ఏజెంట్ కొంతకాలం నాకు పని పంపలేదు, తర్వాత మళ్ళీ పంపుతున్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

మరుసటి ఆగస్టులో కొనేవాళ్ళు పిలిస్తే వెళ్ళి, పైర్లు వేశాక ఇంజనీర్ తీసిన కొలతల బిందువుల నుంచే మళ్ళీ కొలిచాను. నైరుతి మూల పావు అంగుళం లోపే కదిలింది, ఎండాకాలపు చివర ఆ మాత్రం ఉంటుంది. క్లోజెట్ తలుపు పైన ఒక సన్నటి కొత్త గీత ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో తేదీ వేసి, ఫోటో తీసి, కొలతలతో పాటు ఇంజనీర్‌కు పంపించమన్నాను. పునాది చుట్టూ తడిపే పైపు పశ్చిమం వైపు గోడకు మరీ ఆనించి ఉంటే, ఒకటిన్నర అడుగు దూరానికి జరిపించాను.